వరద బోటు రోడ్డు దాటేదెలా? లెక్కల్లో కనిపించని మోటారు సంగతి

ప్రతి ఏడాది వానాకాలం ముందు కలెక్టరేట్లలో, మున్సిపల్ ఆఫీసుల్లో వరదల మీద సమీక్షలు జరుగుతాయి. మర్నాడు పేపర్లో వచ్చే వార్త దాదాపు ఒకేలా ఉంటుంది. ఇన్ని బోట్లు సిద్ధం, ఇన్ని లైఫ్ జాకెట్లు సిద్ధం, ఇంతమంది గజ ఈతగాళ్లు సిద్ధం, కంట్రోల్ రూమ్ నంబర్ ఇది. చదివినవాళ్లకు కాస్త ధైర్యం వస్తుంది. కానీ ఆ లెక్కలో ఒక ప్రశ్న కనిపించదు. ఆ బోటు గోదాములోంచి, లేదా సముద్రం ఒడ్డు నుంచి, మునిగిన కాలనీ దాకా ఎలా వస్తుంది? వచ్చాక దాని వెనక బిగించిన మోటారు స్టార్ట్ అవుతుందా?

బోటు నీళ్లలో నడిచే బండే. కానీ మన దగ్గర వరద వచ్చిన రోజు అది మొదట చేసేది రోడ్డు ప్రయాణం. లారీ మీదో, డీసీఎం మీదో, జీపు వెనక ట్రైలర్ మీదో పదుల కిలోమీటర్లు రావాలి. గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, రైల్వే గేట్లు, చీకటి, వాన, అన్నీ దాటి రావాలి. ఆ దారిలో ఎక్కువగా దెబ్బతినేది బోటు కాదు, మోటారు. ఫైర్ సర్వీస్ వాళ్లు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు దాన్ని ఓబీఎం అంటారు. అంటే ఔట్‌బోర్డ్ మోటారు. పడవ లోపల కాకుండా వెనక పలకకు బయటవైపు వేలాడే ఇంజిన్. అది సరిగ్గా కట్టి తీసుకురాకపోతే, చేరాల్సిన చోటికి బోటు చేరుతుంది గానీ సాయం చేరదు. ఈ వ్యాసం ఆ కట్టడం గురించే.

బోటు కోసం ఎదురుచూసిన ఊళ్లు

పాతబస్తీ వాళ్లకు వరద గురించి కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు సుమారు 15 వేల మంది చనిపోయారని చరిత్ర చెబుతుంది. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టింది ఆ దెబ్బ తర్వాతే. వందేళ్లు దాటాక, 2020 అక్టోబర్‌లో మళ్లీ చూశాం. టోలీచౌకీ దగ్గర నదీమ్ కాలనీలో జనాన్ని బోట్లలో బయటికి తెచ్చారు. గుర్రం చెరువు తెగి హఫీజ్ బాబా నగర్ ఇళ్లలోకి రాత్రిపూట నీళ్లు దూరాయి. ఫలక్‌నుమా వైపు అల్ జుబైల్ కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది. 2025 సెప్టెంబర్ చివర్లో మూసీ మళ్లీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే నీళ్లు వచ్చాయి. చాదర్‌ఘాట్ చుట్టుపక్కల బస్తీలు ఖాళీ చేయాల్సి వచ్చింది.

2024 సెప్టెంబర్ 1న రెండు చోట్ల ఒకేసారి కష్టం వచ్చింది. విజయవాడలో బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట లాంటి ప్రాంతాలు మునిగాయి. చాలామంది మేడల మీద, మొదటి అంతస్తుల్లో చిక్కుకున్నారు. భోజనం పొట్లాలు డ్రోన్లతో పంపాల్సి వచ్చింది. ప్రైవేటు బోట్ల వాళ్లు కొందరు జనం దగ్గర వేల రూపాయలు అడుగుతున్నారన్న ఆరోపణలు అప్పుడు వార్తల్లో వచ్చాయి. బోట్లు చాలినన్ని ఉంటే ఆ పరిస్థితే రాదు. అదే రోజు ఖమ్మంలో మున్నేరు పొంగి ప్రకాశ్ నగర్ వంతెన మీద 9 మంది చిక్కుకున్నారు. వాతావరణం బాగోలేక హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి హర్యానా నుంచి బతుకుతెరువుకు వచ్చిన ఒక ముస్లిం డ్రైవర్ జేసీబీ తోలుకుంటూ వెళ్లి వాళ్లను తీసుకొచ్చాడు. ఆయన ధైర్యానికి సలాం. కానీ ఒక జిల్లా కేంద్రంలో ఒక డ్రైవర్ తెగింపు మీద 9 ప్రాణాలు ఆధారపడ్డాయంటే, అది వ్యవస్థ గురించి కూడా ఏదో చెబుతోంది.

ఇంకో పక్క కేరళ ఉంది. 2018 ఆగస్టు వరదల్లో అక్కడి మత్స్యకారులు తమ పడవలను లారీల మీద ఎక్కించుకుని సముద్రం ఒడ్డు నుంచి చెంగన్నూరు, ఆలువా వైపు వెళ్లారు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 669 పడవలు, 4,537 మంది మత్స్యకారులు కలిసి 65 వేల మందిని కాపాడారు. దేశంలో పడవలు రోడ్డెక్కి ఇంత పెద్ద పని చేసిన సందర్భం ఇంకోటి చెప్పడం కష్టం. చాలా పడవలు దెబ్బతిన్నాయి కూడా. రిపేరు ఖర్చు తామే భరిస్తామని అప్పటి ముఖ్యమంత్రి పినరయి విజయన్ ప్రకటించారు.

కేరళ అనుభవంలో మనం తరచూ వదిలేసే పాఠం ఒకటుంది. అక్కడ ఇంజిన్ కట్టినవాడూ, లారీ మీద దాని పక్కన కూర్చున్నవాడూ, నీళ్లలో దాన్ని నడిపినవాడూ ఒక్కడే. అది వాడి రోజువారీ అన్నం పెట్టే ఇంజిన్. ఏ నట్టు వదులవుతుందో, ఏ తాడు జారుతుందో వాడి చేతికి తెలుసు. ప్రభుత్వ స్టోర్‌లో ఉన్న బోటు సంగతి వేరు. అది ఏడాదిలో ఎక్కువ రోజులు తార్పాలిన్ కింద పడుకుంటుంది. ఒకరు లోడ్ చేస్తారు, ఇంకొకరు డ్రైవ్ చేస్తారు, వేరొకరు నీళ్లలో నడుపుతారు. ఈ ముగ్గురి మధ్య ఉన్న సందులోనే మోటారు చెడిపోతుంది.

రోడ్డు మీద మోటారుకు ఏమవుతుంది?

25 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు బరువు 50 కిలోల చుట్టూ ఉంటుంది. 40 హెచ్‌పీది 70 కిలోల దాకా, ఫోర్ స్ట్రోక్ అయితే ఇంకా ఎక్కువ. అంటే ఒక సిమెంటు బస్తాకు తక్కువ కాని బరువు, పడవ వెనక పలక మీద వేలాడుతోందన్నమాట. ఆ పలకనే ట్రాన్సమ్ అంటారు. నీళ్లలో అయితే పడవ, మోటారు కలిసి మెత్తగా కదులుతాయి. రోడ్డు మీద అలా కాదు. ట్రైలర్ గుంతలో పడి లేచిన ప్రతిసారీ ఆ బరువు ఒక్కసారిగా కిందికి, పైకి ఊగుతుంది. ఆ కుదుపు మొత్తం పలక మీద, దాని బోల్టుల మీద, క్లాంపుల మీద పడుతుంది.

మోటారును కిందికి దించి నిలువుగా ఉంచితే బరువు పలకకు దగ్గరగా ఉంటుంది కాబట్టి కుదుపు తక్కువ. కానీ అప్పుడు కింద ఉన్న ప్రొపెల్లర్, దాని రెక్క రోడ్డుకు బాగా దగ్గరవుతాయి. మన స్పీడ్ బ్రేకర్ల ఎత్తు తెలిసిందే కదా. ఒక్క దెబ్బ తగిలితే గేర్ పెట్టె పగులుతుంది. అందుకని చాలామంది మోటారును పైకి లేపి, అంటే టిల్ట్ చేసి, తీసుకెళ్తారు. అప్పుడు రోడ్డు తగలదు. కానీ మోటారు పడవ వెనక్కి పొడుచుకొచ్చి నిలుస్తుంది. బరువు పలకకు దూరంగా జరుగుతుంది. బిందెను చంకలో పెట్టుకుని మోయడానికీ, చెయ్యి చాపి పట్టుకుని మోయడానికీ ఉన్న తేడా ఇదే. బరువు మారలేదు, భారం పెరిగింది.

ఇక్కడే ఎక్కువ మంది పొరబడేది. ప్రతి మోటారుకూ లేపినప్పుడు ఆపడానికి ఒక చిన్న లివర్ ఉంటుంది. టిల్ట్ లివర్ అనండి, టిల్ట్ లాక్ అనండి. అది వేస్తే మోటారు పైన ఆగిపోతుంది. ఆగింది కదా అని అలాగే బండి కదిలిస్తారు. నిజానికి ఆ లివర్ పెట్టింది పడవ ఒడ్డున ఆగి ఉన్నప్పటి కోసం. రోడ్డు ప్రయాణం కోసం కాదు. యమహా లాంటి కంపెనీలు తమ మాన్యువల్‌లో ఈ సంగతి హెచ్చరికగా రాస్తాయి. ట్రైలర్ మీద తీసుకెళ్లేటప్పుడు ఆ లివర్ మీద ఆధారపడొద్దు, కుదుపులకు మోటారు జారి కింద పడొచ్చు, నిలువుగా ఉంచడం కుదరకపోతే విడిగా ఇంకో ఆధారం పెట్టండి అని. పెద్ద మోటార్లకు నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ టిల్ట్ ఉంటుంది. అది కూడా గంటల తరబడి కుదుపులు మోయడానికి చేసింది కాదు. లేపి ఉన్న మోటారు కింద చెయ్యి పెట్టడం, తల పెట్టడం అస్సలు చేయకూడదన్నది కూడా ఆ మాన్యువల్‌లో మాటే.

మరి ఎలా కట్టాలి?

పద్ధతి కష్టమైనది కాదు. మొదటి ప్రశ్న, మోటారును మామూలుగా నడిచే భంగిమలోనే, నిలువుగా ఉంచి తీసుకెళ్లగలమా? కింద రోడ్డుకు చాలినంత ఖాళీ ఉంటే అదే మంచిది. ఎత్తైన లారీ మీద పడవ ఎక్కించినప్పుడు, వెనక భాగం లారీ బాడీ దాటి బయటికి వస్తే, చాలాసార్లు ఇది కుదురుతుంది.

కుదరకపోతే మోటారును లేపాలి. కానీ లివర్ మీద కాదు, ఆధారం మీద నిలబెట్టాలి. దీనికి ట్రాన్సమ్ సేవర్ అని ఒక ఇనుప కడ్డీ దొరుకుతుంది. దాని ఒక కొన ట్రైలర్ ఫ్రేముకు తగులుకుంటుంది. రెండో కొనకు రబ్బరు తొడుగు ఉన్న పంగ ఉంటుంది. మోటారు కింది భాగం ఆ పంగలో కూర్చుంటుంది. మోటారును కాస్త కిందికి దించి ఆ పంగ మీద బిగుసుకునేలా చేసి, పైనుంచి బెల్టు వేసి కట్టాలి. ఇప్పుడు గుంతలో పడినప్పుడు ఆ బరువులో చాలా భాగం కడ్డీ ద్వారా ట్రైలర్ ఫ్రేముకు వెళ్తుంది. పలక ఊపిరి పీల్చుకుంటుంది. ఏ వెల్డింగ్ షాపులోనైనా కొలత ఇచ్చి ఇలాంటిది చేయించుకోవచ్చు. ఏమీ లేని రోజున గట్టి చెక్క దిమ్మను మోటారుకూ దాని బ్రాకెట్‌కూ మధ్య ఇరికించి బెల్టుతో కట్టేవాళ్లున్నారు. ఏ ఆధారమూ లేకపోవడం కన్నా అది నయం. అయితే దిమ్మను కూడా కట్టాలి. లేకపోతే మొదటి కుదుపుకే జారిపోతుంది.

రెండోది పక్కలకు ఊగడం. మోటారు కిందికి పైకే కాదు, కుడికి ఎడమకు కూడా తిరుగుతుంది. చేత్తో తిప్పే హ్యాండిల్ ఉన్న మోటారు అయితే దాన్ని మధ్యలో నిలిపి రెండు పక్కలా తాడుతో కట్టేయాలి.

మూడోది క్లాంపులు. చిన్న మోటార్లను పలకకు రెండు మరలతో బిగిస్తారు. చేత్తో బిగించిన మర కుదుపులకు నెమ్మదిగా వదులవుతుంది. బయల్దేరేముందు చూడాలి, దారిలో చూడాలి, నీళ్లలోకి దించేముందు మళ్లీ చూడాలి. మోటారు నుంచి పడవకు ఒక గొలుసు గానీ స్టీలు తీగ గానీ విడిగా కట్టి ఉంచాలి. మర ఊడినా మోటారు రోడ్డు మీద పడకుండా ఆ గొలుసు పట్టుకుంటుంది. నీళ్లలో కూడా అదే కాపాడుతుంది.

నాలుగోది పలక. ఫైబర్ పడవల్లో చాలావాటికి పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల్లోంచి నీళ్లు దిగి లోపల కుళ్లిపోతుంది. బయటికి రంగు బాగానే కనిపిస్తుంది. మోటారును పట్టుకుని గట్టిగా ఊపి చూడండి. పలక వంగినట్టు అనిపించినా, తట్టినప్పుడు మెత్తటి శబ్దం వచ్చినా ఆ పలకను నమ్మొద్దు. మోటారు విప్పి విడిగా తీసుకెళ్లడమే మేలు.

ఐదోది అన్నిటికన్నా చిన్నది. చాలా మోటార్లకు ఎర్ర తాడుతో ఒక క్లిప్పు ఉంటుంది. నడిపేవాడు ఒంటికి తగిలించుకుంటాడు. వాడు నీళ్లలో పడితే క్లిప్పు ఊడి ఇంజిన్ ఆగిపోతుంది. ఆ క్లిప్పు లేకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు. దారిలో అది ఎక్కడో పడిపోతే, లక్షన్నర, రెండు లక్షల మోటారు ఉండి కూడా తెడ్లు వేసుకోవాల్సిందే. దాన్ని మోటారుకే కట్టి ఉంచాలి. ఇంకోటి స్పేర్‌గా టూల్ బాక్సులో పెట్టాలి. దాంతో పాటే స్పార్క్ ప్లగ్గులు, ప్లగ్ పానా కూడా.

విడిగా తెచ్చే మోటారు, పెట్రోలు డబ్బా

ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్ బృందాలు ఎక్కువగా గాలి నింపే రబ్బరు బోట్లు వాడతాయి. బోటును మడతపెట్టి తెచ్చి అక్కడికక్కడే గాలి కొడతారు. మోటారు విడిగా వస్తుంది. ఇక్కడ కట్టడం ఒక్కటే కాదు, పడుకోబెట్టడం కూడా తెలియాలి. వీలైతే స్టాండు మీద నిలువుగా ఉంచి కట్టాలి. పడుకోబెట్టక తప్పకపోతే, ఏ పక్కకు పడుకోబెట్టాలో కంపెనీ చెబుతుంది. చాలా మోటార్ల మీద బొమ్మ కూడా ఉంటుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌ను తప్పు పక్కకు పడుకోబెడితే లోపలి ఆయిల్ సిలిండర్‌లోకి వెళ్తుంది. స్టార్ట్ చేయబోతే పొగ వస్తుంది, లేదా అసలు తిరగదు. బలవంతంగా తిప్పితే లోపలి భాగాలు దెబ్బతింటాయి కూడా. ఇంజిన్ తల ఎప్పుడూ ప్రొపెల్లర్ వైపు కన్నా ఎత్తులో ఉండాలి. నీళ్లలోంచి అప్పుడే తీసిన మోటారైతే, కాసేపు నిలువుగా పెట్టి లోపలి నీళ్లు కారిపోయాకే పడుకోబెట్టాలి. లేదంటే ఆ నీళ్లు వెనక్కి ఇంజిన్‌లోకి పోతాయి. ఒక కాలనీలో పని ముగించుకుని హడావిడిగా ఇంకో కాలనీకి పరిగెత్తేటప్పుడు జరిగే పొరపాటు ఇది.

పెట్రోలు సంగతి కూడా ఇంతే ముఖ్యం. పైపును మోటారు నుంచి విప్పాలి. డబ్బా మూత మీది గాలి మర మూయాలి. డబ్బాను అంచు దాకా నింపకూడదు, ఎండకు, వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది. డబ్బా దొర్లకుండా కట్టాలి, బ్యాటరీకి దూరంగా ఉంచాలి. అదే లారీలో మనుషులు కూర్చుంటారు కదా, ఎవరూ బీడీ ముట్టించకుండా చూడాలి. టూ స్ట్రోక్ అయితే పెట్రోలులో కలిపే ఆయిల్ కూడా వెంటే రావాలి. మునిగిన కాలనీలో అది ఏ దుకాణంలో దొరుకుతుంది?

వెనక వచ్చే బైకు గురించి కూడా

మోటారు ఊడి పడితే నష్టం బోటుకు మాత్రమే కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రాత్రిపూట, వానలో, లైటు లేని లారీ వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చిన ప్రొపెల్లర్ ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? మోటారు వాహనాల చట్టంలో 194(1ఏ) సెక్షన్ ప్రకారం, లోడు పరిమితి దాటి బయటికి వస్తే 20 వేల రూపాయల జరిమానా. వరద సమయంలో పోలీసులు ఆపకపోవచ్చు, దారి కూడా ఇవ్వొచ్చు. కానీ వెనక వచ్చే బైకు మనిషికి ఆ మినహాయింపు ఉపయోగపడదు. ప్రొపెల్లర్ విప్పేయడం, లేదా దానికి మందపాటి సంచి తొడిగి కట్టడం, ఎర్ర గుడ్డ, ఎర్ర లైటు పెట్టడం, ఇవి పది నిమిషాల పనులు.

ట్రైలర్ లాగేటప్పుడు ఇంకో నాలుగు మాటలు. చట్టం దృష్టిలో ట్రైలర్ కూడా వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి. హుక్కుతో పాటు రెండు సేఫ్టీ గొలుసులు హుక్కు కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి దాటేలా వేయాలి. హుక్కు ఊడినా ట్రైలర్ ముక్కు ఆ గొలుసుల మీద ఆగుతుంది, రోడ్డులోకి దిగబడదు. పడవ ముక్కును ముందు వైపు, వెనక రెండు మూలలను విడివిడిగా బెల్టులతో ట్రైలర్‌కు కట్టాలి. మోటారు కట్టి పడవను వదిలేస్తే పడవే ఎగిరి పలకను విరగ్గొడుతుంది. బరువంతా వెనకే ఉంటే ట్రైలర్ పాములా ఊగుతుంది. కాబట్టి పెట్రోలు డబ్బాలు, తాళ్లు, జాకెట్లు కాస్త ముందుకు సర్దాలి. ట్రైలర్ చక్రాల బేరింగులు నీళ్లలో మునిగి తేలతాయి కాబట్టి వాటికి గ్రీజు తరచూ పెట్టాలి. ఏడాదంతా కదలని ట్రైలర్ టైర్లలో గాలి చూడకుండా బయల్దేరొద్దు. అన్నిటికీ మించి, బయల్దేరిన తర్వాత మొదటి పది, పదిహేను కిలోమీటర్ల దగ్గర ఒకసారి ఆగి అన్ని బెల్టులూ మళ్లీ లాగి చూడాలి. కొత్తగా బిగించిన బెల్టు వదులయ్యేది ఆ మొదటి దూరంలోనే.

"ప్రాణాల మీదికి వస్తే బెల్టులు చూస్తామా?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. మేడ మీద పసిపిల్లలతో ఉన్న తల్లి ఫోన్ చేస్తుంటే, ఇక్కడ నిలబడి మరలు బిగించుకుంటూ కూర్చుంటారా అని ఎవరైనా అడగొచ్చు. కానీ లెక్క వేసి చూడండి. మచిలీపట్నం నుంచి విజయవాడకు సుమారు 70 కిలోమీటర్లు. లారీలో కనీసం గంటన్నర. ఈ జాగ్రత్తలన్నీ తెలిసిన చేతులకు పావుగంట. ఆ పావుగంట మిగిల్చుకోబోయి మోటారు దారిలో పాడైతే, ఇంకో బోటు తేవడానికి మళ్లీ గంటన్నర. పైగా బుడమేరు లాంటి చోట ప్రవాహం మీద మోటారు లేని బోటు తెడ్లతో ఎదురెక్కలేదు. ఎక్కినవాళ్లకే అది ప్రమాదం.

కట్టని పడవ ఏం చేయగలదో చూడటానికి విజయవాడ దాటి వెళ్లాల్సిన పని కూడా లేదు. అదే 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చినప్పుడు, ఎగువన ఉన్న భారీ పడవలు కొన్ని కొట్టుకొచ్చి గేట్లకు గుద్దుకున్నాయి. కౌంటర్ వెయిట్లు దెబ్బతిన్నాయి. ఆ పడవలను బయటికి తీయడానికి రోజుల తరబడి తంటాలు పడ్డారు. దాని మీద రాజకీయ గొడవ చాలా జరిగింది. అది రోడ్డు మీద కాదు, నీళ్ల మీద జరిగింది. ఎవరి బాధ్యతో అన్న వాదన అలా ఉంచితే, పడవను కట్టే పని కూడా విపత్తు నిర్వహణలో భాగమేనని అది చూపించింది.

కాబట్టి జాగ్రత్త వరద రోజున మొదలుపెట్టేది కాదు. ముందే జరిగి ఉండాలి. విజయవాడ దగ్గర ఎన్డీఆర్ఎఫ్ 10వ బెటాలియన్ ఉంది. తెలంగాణకు 2024 డిసెంబర్‌లో సొంతంగా ఎస్డీఆర్ఎఫ్ వచ్చింది. హైదరాబాద్‌లో హైడ్రా బృందాలున్నాయి. శిక్షణ పొందిన ఈ బలగాలకు ఇవన్నీ తెలిసిన సంగతులే. సమస్య వాళ్ల దగ్గర తక్కువ. వాళ్లు చేరేలోపు రంగంలోకి దిగే మున్సిపాలిటీ బోట్లు, టూరిజం బోట్లు, మత్స్యశాఖ ద్వారా పిలిపించే ఫైబర్ బోట్లు, చందాలు వేసి బోట్లు కొన్న స్వచ్ఛంద సంస్థలు, వీటి దగ్గరే ఎక్కువ. మన బస్తీల్లో వరద వచ్చిన ప్రతిసారీ మసీదు కమిటీల కుర్రాళ్లు, కాలనీ సంఘాల వాళ్లు ముందుగా దిగుతారు. ఆ ఖిద్మత్‌కు వెలకట్టలేం. కానీ ఆ కుర్రాళ్ల చేతికి వచ్చే మోటారు పనిచేసేదై ఉండాలి కదా.

చేయాల్సినవి కొన్నే. ఒకటి, సమీక్షలో "బోట్లు ఎన్ని" అన్న గడి పక్కన ఇంకో మూడు గడులు చేర్చాలి. మోటారు చివరిసారి ఎప్పుడు స్టార్ట్ చేశారు, ఏ బండి మీద వస్తుంది, ఎవరు కడతారు. రెండు, ప్రతి బోటుకూ దాని కొలతకు చేసిన ఆధారపు కడ్డీ, రాట్చెట్ బెల్టులు, గొలుసు, స్పేర్ క్లిప్పు ఒకే పెట్టెలో, బోటుతోపాటే ఉండాలి. మోటారు ధరతో పోలిస్తే ఆ పెట్టె ఖర్చు ఏమంత లెక్కలోది కాదు. మూడు, వానలకు ముందు ఒకసారి నిజంగా లోడ్ చేసి, ఇరవై కిలోమీటర్లు తిప్పి, చెరువులో దించి స్టార్ట్ చేసి చూడాలి. ఫొటో కోసం కాదు, ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవడానికి. నాలుగు, నీళ్లలో నడిపే మనిషి బోటుతోపాటే అదే బండిలో రావాలి. ఐదు, మత్స్యకారుల బోట్లు పిలిపించినప్పుడు కట్టే పని వాళ్లకే వదిలి, దారిలో జరిగే నష్టానికి పరిహారం ఎంతో ముందే చెప్పాలి. కేరళలో తర్వాత చెప్పారు, మనం ముందే చెప్పొచ్చు. తన ఇంజిన్ పోతే తన ఇల్లు గడవదని తెలిసిన మనిషిని మళ్లీ మళ్లీ మంచితనం మీదే రమ్మనడం న్యాయం కాదు.

మూసీ ఒడ్డున, బుడమేరు పక్కన, మున్నేరు కింద ఉండేది ఎక్కువగా పేదలే. కూలి పనుల వాళ్లు, ఆటో డ్రైవర్లు, చిన్న దుకాణాల వాళ్లు. వాళ్లకు రెండో అంతస్తు ఉండదు, ఊరికి దూరంగా ఇంకో ఇల్లు ఉండదు. బోటు వాళ్లకు చివరి దారి. ఈసారి మీ వార్డు కార్పొరేటరో, తహసీల్దారో బోట్లు సిద్ధమని చెప్పినప్పుడు సంతోషించండి. ఆ వెంటనే ఒక్క మాట అడగండి. సాబ్, ఆ మోటారును ఎలా కట్టి తెస్తారు, చివరిసారి ఎప్పుడు స్టార్ట్ చేశారు? జవాబు వెంటనే వస్తే మంచిదే. రాకపోతే అడగాల్సిన సమయం ఇదే, నీళ్లు గుమ్మం ఎక్కాక కాదు.